ఇచ్చట చెత్త వేయబడును

చెత్త అనే మాటతో నాకు మొదటి నుంచీ పేచీ ఉంది. తాగి పారేసిన నీళ్ళ సీసానీ చెత్త అంటారు, అరటితొక్కనీ చెత్త అంటారు. నచ్చని సినిమాని, ఉప్పు ఎక్కువైన కూరని, ఎప్పుడూ మధ్యలో ఆగిపోయే మా ఆఫీసు లిఫ్టుని కూడా అదే మాటతో తిడతారు. ఇన్నింటికి ఒకే మాట వాడుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు కొంప మునుగుతుందని ఎవరికైనా తోచాలి. నాకు తోచలేదు. తోచేసరికి ఆ చెత్తంతా మా వీధి మొగలో కుప్ప పడి ఉంది.

నా ఉద్యోగం మట్టి పరీక్షలు. ఎక్కడైనా రోడ్డో వంతెనో కట్టేముందు అక్కడి మట్టి మా ల్యాబుకి వస్తుంది. దాన్ని ఎండబెట్టి, జల్లించి, తగినంత తడిపి, ఇనుప అచ్చుల్లో దట్టించి, నాలుగు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఆ తర్వాత కడ్డీతో పొడిచి చూస్తాం. కడ్డీ ఎంత తేలిగ్గా దిగితే మట్టి అంత పనికిమాలినది. ఆఫీసులో నన్ను మట్టి మేడమ్ అంటారు. ఇంట్లో మా ఆయన కూడా అప్పుడప్పుడు అదే అంటాడు, కానీ ఆ గొంతు వేరు.

మా వీధి మట్టిని మాత్రం ల్యాబుకి తీసుకెళ్ళి పొడవాల్సిన పని లేదు. నల్లటి జిగటమట్టి. ఎండల్లో కాలివేళ్ళు ఇరుక్కునేంత బీటలు తీస్తుంది, నాలుగు చినుకులు పడితే చెప్పుల్ని ఊడబీకి తన దగ్గరే ఉంచుకుంటుంది. మా ఇల్లు వీధి చివర. మెయిన్ రోడ్డు, టీ కొట్టు, మనుషులు, అన్నీ ఆ మొగలో.

మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి, బతుకంతా బస్సు నడిపారు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక చక్రాల కుర్చీలోకి మారారు. ఎడమ చేత్తో తోసుకుంటూ, ఎడమ కాలితో నేలని తన్నుకుంటూ, దాన్నీ బస్సులాగే నడుపుతారు. మలుపుల దగ్గర నోటితో హారన్ కొడతారు. నేల ఎండి ఉన్నంతకాలం సాయంత్రమయ్యేసరికి టీ కొట్టు దగ్గర ఉంటారు. అక్కడ ఆయనలాగే రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు కూర్చుని, ఈ కాలం వాళ్ళకి బస్సు నడపడం రాదని రోజూ ఏకగ్రీవంగా తేలుస్తారు. ఆ కాసేపటి కోసమే ఆయన పొద్దున్నే గడ్డం గీయించుకుంటారు.

వానలు మొదలైతే ఆ కాసేపూ పోతుంది. అయినా ఊరుకునే మనిషి కాదు. "అమ్మాయ్, నన్ను బయటికి తీసుకెళ్ళు" అని రోజుకి పదిసార్లు అడిగేవారు. బురద మామయ్యా అంటే, "ఇంతకంటే పెద్ద బురదలో బస్సు లాగాను" అనేవారు. నిరుడు ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఆయనే బయల్దేరారు. రెండిళ్ళు దాటేసరికి చక్రం దిగబడి, కుర్చీ ఒరిగి, మనిషి బురదలో పడ్డారు. వీధిలోవాళ్ళు పరిగెత్తుకొచ్చి ఎత్తి తీసుకొచ్చారు. దెబ్బేమీ తగల్లేదు. కానీ మా ఆయన ఒళ్ళు కడుగుతున్నంతసేపూ మొహం గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. ఆ తర్వాత వానలు వెళ్ళేదాకా ముందుగదిలో కిటికీ దగ్గరే కూర్చున్నారు. బయటికి తీసుకెళ్ళమని మళ్ళీ అడగలేదు.

ఆయన అడిగి అడిగి ప్రాణం తీస్తున్నప్పుడు నాకు చిరాకేసేది. అడగడం మానేశాక భయమేసింది. ఈసారి వానలకి ఆయన్ని ఆ కిటికీ దగ్గర కూర్చోనివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను. ఆ మీదట నేను చేసిన పనంతా, తిన్న తిట్లన్నీ దానికోసమే.

ల్యాబులో అప్పటికే ప్లాస్టిక్ ముక్కల పని నడుస్తోంది. నీళ్ళ సీసాల్ని చిటికెన వేలంత రిబ్బన్లుగా కత్తిరించి, కాస్త సున్నంతో పాటు జిగటమట్టిలో కలిపి దట్టిస్తే, ఆ ముక్కలు మట్టిలో అడ్డదిడ్డంగా ఇరుక్కుని దాన్ని జారిపోకుండా పట్టుకుంటాయి. మరీ తక్కువ వేస్తే లాభం లేదు. ఎక్కువ వేస్తే ముక్క మీద ముక్క జారి, ఉన్న బలం కూడా పోతుంది. మా మట్టికి వంద కిలోలకి అర కిలో కుదిరింది. నానబెట్టిన అచ్చులో అదివరకు చులాగ్గా దిగిపోయిన కడ్డీ ఆ రోజు మొరాయించింది. కడ్డీ మొరాయించినందుకు సంతోషించే ఉద్యోగం నాది.

మా పెద్దసారుకి చూపించాను. ఆయనకి అచ్చులు కనబడవు, ఫొటోలే కనబడతాయి. కానీ ప్లాస్టిక్ అనే మాటకి పైన మంచి గిరాకీ ఉందని ఎక్కడో విన్నారు. ప్రయోగానికి ఒక వీధి కావాలన్నారు. ఎవరినడిగినా మా వీధిలో వద్దంటే మా వీధిలో వద్దన్నారు. మా వీధిలో వేయండి సార్ అన్నాను.

"మీ వీధి అయితే ఇంకా మంచిది మేడమ్" అన్నారు పెద్దసారు. "పాడైతే జనం మిమ్మల్నే తిడతారు. ఆఫీసుదాకా రారు."

మెయిన్ రోడ్డు నుంచి వీధి చివర మా గుమ్మం దాకా వేయాలని ప్లాను. పాతసామాన్ల గోదాము నుంచి కత్తిరించిన ముక్కలు బస్తాల్లో వచ్చాయి. సున్నం వచ్చింది. మట్టి తవ్వే బండి వస్తానని రెండుసార్లు చెప్పి, మూడోసారి నిజంగానే వచ్చింది. ఇక బోర్డు ఒక్కటే మిగిలింది. పని మొదలుపెట్టేచోట బోర్డు ఉండాలి, లేకపోతే ఫొటో ఉండదు.

బోర్డు మీద రాయాల్సింది పెద్దసారే ఫోనులో చెప్పారు. 'ఇచ్చట చెత్త ప్లాస్టిక్ ముక్కలు కలిపిన మట్టితో రోడ్డు వేయబడును.' చెప్పింది తిన్నగానే ఉంది. పెయింటరు దాన్ని మూడు వరసలు చేశాడు. పైన ఎర్రరంగుతో, బారెడు అక్షరాలతో 'ఇచ్చట చెత్త'. కింద అంతే లావున 'వేయబడును'. మధ్యలో మిగిలిన సందులో, మందు సీసా మీద అక్షరాల సైజులో, ప్లాస్టిక్ ముక్కలూ మట్టీ రోడ్డూ అన్నీ కూరాడు.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"రేకు ఇంతే ఇచ్చారు మేడమ్. పెద్ద మాటలు పెద్దగా, చిన్న మాటలు చిన్నగా రాశాను. ప్లాస్టిక్ ముక్కలంటే చిన్నవే కదా."

మార్చమంటే ఇంకో రేకు కావాలన్నాడు. ఇంకో రేకు కావాలంటే స్టోరువాడు పాత రేకు తిరిగివ్వమన్నాడు. పాత రేకు మీద పెయింటు ఉంది కాబట్టి తిరిగి తీసుకోనన్నాడు. ఏదో ఒకటి, నాలుగు రోజులేగా, నిలబెట్టండి అన్నాను. ఆ ముక్క అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున ఆఫీసుకి బయల్దేరి వీధి మొగకి వచ్చేసరికి బోర్డు కింద కుప్ప. ఎండుటాకులు, కూరగాయల చెక్కు, కోడిగుడ్ల పెంకులు, చినిగిన తలగడలు, ఒక కాలు లేని కుర్చీ, పగిలిన కమోడ్. మా ముక్కల బస్తాల మీద ఎవరో పాత బూడిద కూడా కుమ్మరించారు. నేను నోరు తెరుచుకుని చూస్తుండగానే, రిటైరైన లెక్కల మాస్టారు పరుపు ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చి, జాగ్రత్తగా చదునుచేసి మరీ దించారు.

"మాస్టారూ, ఏం చేస్తున్నారు?"

"బోర్డు చూసే తెచ్చానమ్మా. చదువుకున్నవాణ్ణి, చదవకుండా తెస్తానా?"

"మధ్యలో ఏం రాసుందో కాస్త దగ్గరికెళ్ళి చదవండి."

"కళ్ళజోడు ఇంట్లో ఉంది" అని దులుపుకుని వెళ్ళిపోయారు.

ఆయన వెనకాలే దర్జీ అక్క. మా ఇంటికి మూడిళ్ళ ఇవతల ఉంటుంది, వీధిలో సగం మందికి బట్టలు తనే కుడుతుంది. గుడ్డపీలికల మూటలు రెండు చంకన పెట్టుకొచ్చింది. ఇది ప్లాస్టిక్ పని అక్కా, గుడ్డ మట్టిలో కుళ్ళిపోతుంది, కుళ్ళినచోట డొల్ల పడుతుంది, డొల్ల మీద రోడ్డు కూర్చుంటుంది అని చెప్పాను.

"నేను కుట్టింది ఎప్పుడైనా చిరిగిందా?" అంది.

"కుట్టు సంగతి కాదక్కా."

"మరింకేంటి? ప్లాస్టిక్కే అంత గట్టిదైతే నా గుడ్డ ఏం పాపం చేసింది?"

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏంటో ఆ వారం నాకు బాగా తెలిసింది. పొద్దున ఎత్తిస్తే సాయంత్రానికి మళ్ళీ కుప్ప. మా వీధివాళ్ళే కాదు, పక్కవీధివాళ్ళు కూడా, ఇంతకాలానికి ఆఫీసువాళ్ళు ఒక మంచి పని చేశారని మెచ్చుకుంటూ తెచ్చి పోస్తున్నారు. చేసేది తప్పని ఎవరికీ లేదు. దొంగచాటుగా పోసేవాణ్ణి తిట్టొచ్చు. నా మొహం చూసి నవ్వుతూ, సాయం చేస్తున్నాననుకుంటూ పోసేవాణ్ణి ఏమనాలి?

చివరికి నేనే కాగితం మీద 'రాదు' అని లావుగా రాసి, బోర్డు మీద 'బడును' కనపడకుండా అంటించాను. ఇప్పుడు 'ఇచ్చట చెత్త వేయరాదు' అయింది. పీడ విరగడైందనుకుని ఇంటికొచ్చి, తల స్నానం చేసి, అన్నం ముందు కూర్చున్నాను. తలుపు చప్పుడైంది. తీస్తే అరడజను మంది. ముందు లెక్కల మాస్టారు. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని ఉన్నారు.

"రోడ్డు వేయరాదని ఎవరన్నారమ్మా? నీళ్ళ కనెక్షన్ దగ్గరా ఇంతే చేశారు, ఇప్పుడు రోడ్డు దగ్గరా ఇంతేనా?"

"రోడ్డు వేయరాదని ఎవరూ అనలేదు మాస్టారూ."

"దగ్గరికెళ్ళి చదవమన్నావు కదా, చదివాను. చెత్త ప్లాస్టిక్ ముక్కలు కలిపిన మట్టితో రోడ్డు వేయరాదు. ముక్కముక్కా చదివాను."

ఆయన చదివింది అక్షరాలా నిజం. దూరం నుంచి చూస్తే చెత్త వేయరాదు, దగ్గరికెళితే రోడ్డు వేయరాదు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. అన్నం చల్లారిపోయింది. వెనక మామయ్య పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు విని ఇంకా ఒళ్ళు మండింది.

పక్కరోజు పెద్దసారు ఫోను. "మేడమ్, తనిఖీకి పైనుంచి మనిషి వస్తున్నాడు. అక్కడ చెత్త కనపడిందంటే పని ఆపేస్తాడు. ఆపితే ఇక వానలయ్యాకే."

"మనం వేసేది కూడా చెత్తే కదా సార్."

"ఆ చెత్త వేరు మేడమ్, ఈ చెత్త వేరు."

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటోంది అదే సార్."

వానలయ్యాక వేస్తే నాకెందుకు? ఆ విసుగులో ఇంటికొచ్చి, కిటికీ దగ్గర కూర్చున్న మామయ్యతో, "నవ్వింది చాలు గానీ, రేపట్నుంచి మీరే వెళ్ళి ఆ బోర్డు దగ్గర కూర్చోండి. ఒక్కడు కూడా చెత్త వేయకూడదు" అన్నాను. మాటవరసకి అన్నాను. పొద్దున లేచేసరికి ఆయన ఖాకీ చొక్కా వేయించుకుని, గడ్డం గీయించుకుని, గుమ్మంలో తయారుగా ఉన్నారు. ఆ చొక్కా బీరువాలో ఎక్కడుందో మా ఆయనకి కూడా తెలియదు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండివాడికి ఖాకీ చొక్కా కూడా తొడిగితే ఇక చెప్పేదేముంది? బోర్డు పక్కన కుర్చీ అడ్డంగా పెట్టి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపారు. ఆకులా, వెనక్కి. పీలికలా, వెనక్కి. ఒక పెద్దావిడ పళ్ళతొక్కల సంచి తెస్తే, "దీనికి టిక్కెట్ లేదు, దించెయ్" అన్నారు. సంచి దించుతుందేమోనని మళ్ళీ, "ఇక్కడ కాదు, మీ ఇంట్లో దించు" అన్నారు. వద్దని చెప్పి ఊరుకుంటే ఆయన మామయ్య ఎందుకవుతారు? నీళ్ళ సీసాలైతే తీసుకోవడం మొదలుపెట్టారు. నేను ఇంట్లో బల్ల మీద సీసాలు కత్తిరిస్తూ గొణుక్కున్నవన్నీ విని పెట్టుకున్నారట.

"మూత తీయి. లేబుల్ పీకు. కడిగావా? ఏదీ, వాసన చూపించు. ఊఁ, ఎక్కించు. వందకి అర, తెలుసా నీకు? అర దాటితే బోల్తా."

దేనికి వందో, దేనికి అరో ఆయన చెప్పేవారు కాదు, వినేవాళ్ళు అడిగేవారూ కాదు. కానీ కుప్ప మాయమైంది. టీ కొట్టు దగ్గరి బృందం కుర్చీలు జరుపుకుని బోర్డు కిందికే వచ్చేసింది. సాయంత్రం నేను వచ్చేసరికి మూతలన్నీ ఒకపక్క, సీసాలన్నీ ఒకపక్క బస్తాల్లో ఉండేవి. ఆ సీసాలతో నాకు అంత అవసరం లేదు, గోదాము సరుకు చాలు. ఆ మాట ఆయనతో అనలేదు. రాత్రి అన్నం తింటూ ఎవరెవర్ని ఎలా వెనక్కి పంపారో పేరుపేరునా చెబుతుంటే మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. నాన్న ఇంత మాట్లాడి ఎంతకాలమైందో అన్నాడు ఒకసారి, వంటింట్లోకి వచ్చి, నాకు మాత్రమే వినపడేలా.

ఇల్లు అలకగానే పండగ కాదు. తనిఖీ ఆయన చెప్పిన రోజుకి రాలేదు, చెప్పని రోజున వచ్చాడు. జీపు ఎక్కడో వదిలేసి, నడుచుకుంటూ, చేతిలో ఖాళీ నీళ్ళ సీసాతో వచ్చాడు. మామయ్య ఆపారు. మూత తీయించారు, లేబుల్ పీకించారు, వాసన చూశారు. వచ్చినాయన ముచ్చటపడి, ఈ రోడ్డు ఎవరిది పెద్దాయనా అని అడిగాడట. ఆఫీసుది అంటే ఒక్క ముక్కలో పోయేది.

"మా కోడలిది" అన్నారట మామయ్య. "నా కోసం వేస్తోంది. సరిగ్గా మా గుమ్మం దాకా."

"ఇంకెవరికీ కాదా?"

"వాళ్ళూ నడుస్తార్లే. నడవొద్దంటామా?"

ఈ సంభాషణంతా మామయ్యే ఆ సాయంత్రం నాకు పూసగుచ్చినట్టు చెప్పారు, ఎవరో మంచి మనిషి వచ్చాడని, తన సీసా తనే కడుక్కొచ్చాడని. ఆ మంచి మనిషి ఎవరో నాకు అర్థమైపోయింది. పెద్దసారు ఫోను ఆ మర్నాడు వచ్చింది. చావు కబురు చల్లగా చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు.

"సొంత ఇంటికి సొంత రోడ్డు అని రాశాడు మేడమ్. అందుకని మీ వైపు కొంచెం తగ్గించాం. దర్జీ ఇంటి గోడ దాకానే."

"సార్, అసలు అవసరం ఉన్నది ఆ చివరే సార్."

"అదే కదా ఆయన రాసింది కూడా. పని ఆగలేదు, సంతోషించండి."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా మామయ్య నోరు పుణ్యమా అని ఊరికి రోడ్డు దక్కింది, మాకు బురద మిగిలింది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అందుకున్నాను.

"ఎవరడిగారు మామయ్యా మిమ్మల్ని? ఆఫీసు రోడ్డు అని ఒక్క మాట అంటే సరిపోయేది. వీధి వీధంతా పోసిన చెత్త ఎత్తించుకున్నాను, ఆ మాస్టారితో మాటలు పడ్డాను, పెద్దసారు దగ్గర తల వంచుకున్నాను. అంతా ఒక్క మాటతో పోగొట్టారు."

ఆయన ఖాకీ చొక్కా గుండీ ఎడమ చేత్తో తిప్పుతూ కూర్చున్నారు. "అబద్ధమేం చెప్పాను అమ్మాయ్?" అన్నారు. "నా కోసం కాదా?"

కాదని ఎలా అంటాను? వంటింట్లోకి వెళ్ళిపోయి గిన్నెలు చప్పుడు చేశాను.

రోడ్డు వేశారు. మట్టి తవ్వి, సున్నం కలిపి, ముక్కలు చల్లి, కలియబెట్టి, పిడికిట్లో పట్టి ముద్ద కట్టేంత తడి చూసుకుని, రోలరుతో తొక్కించి, పైన కంకర పరిచారు. దగ్గరుండి చేయించాను. దర్జీ అక్క గోడ దగ్గర రోలరు ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి మా గుమ్మం దాకా ఎప్పటి మట్టి అప్పటిదే.

వానలు వచ్చాయి. ఆఫీసు రోడ్డు కదల్లేదు. లెక్కల మాస్టారు తెల్ల పంచె మీద చుక్క పడకుండా నడిచి వచ్చి, గోడ దగ్గర ఆగి, "అద్భుతంగా ఉందమ్మా" అని అరిచి చెప్పి వెళ్ళేవారు. మా దాకా రావాలంటే పంచె ఎగగట్టాలి కదా. దీపం కింద చీకటంటే మా ఇల్లే. మామయ్య కిటికీ దగ్గర కూర్చున్నారు. ఖాకీ చొక్కా ఉతికి మళ్ళీ బీరువాలో పెట్టించారు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా గట్టి రోడ్డు కనపడుతుంది, తనకీ దానికీ మధ్య బురదా కనపడుతుంది. బయటికి తీసుకెళ్ళమని అడగలేదు. ఒక్కసారైనా అడిగితే బాగుండని నేను రోజంతా ఏదో ఒక వంకతో ముందుగదిలోనే తిరిగేదాన్ని.

నాలుగు రోజులు ముసురుపట్టి, తర్వాత తెరిపిచ్చింది. మంచి ఎండ కాసింది. రెండు రోజుల తర్వాత పొద్దున తలుపు తీశాను. మా గుమ్మం ముందు, మా గుమ్మం ముందే, గోడెత్తు కుప్ప.

గోరుచుట్టు మీద రోకటిపోటు. రోడ్డు మీరు తీసుకుని చెత్త మాకు పోస్తారా అని, వీధంతా లేపి కడిగేద్దామని చీరకుచ్చెళ్ళు ఎత్తి దోపి, మెట్లు దిగాను. దిగాక చూశాను. సీసాలు. అన్నీ సీసాలే. ఒక్కదానికీ మూత లేదు. ఒక్కదానికీ లేబుల్ లేదు. కడిగి, ఆరబెట్టి, దర్జీ అక్క గుడ్డపీలికలతో కుట్టిన సంచుల్లో నింపి, మూతి కట్టి పేర్చి ఉన్నాయి. కుప్ప పక్కన, మెయిన్ రోడ్డు మొగలో ఉండాల్సిన బోర్డు పాతి ఉంది. నేను అంటించిన 'రాదు' కాగితాన్ని ఎవరో ఓపిగ్గా తడిపి గీకేశారు. కింద 'బడును' మళ్ళీ బయటపడింది.

ఇచ్చట చెత్త వేయబడును.

నాకు ఏడుపొచ్చింది. ఎవరినో ఒకర్ని తిట్టడానికి దిగినదాన్ని, తిట్టడానికి ఎవరూ దొరక్క అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.

"ఎవరమ్మాయ్ అక్కడ?" కిటికీలోంచి మామయ్య గొంతు. "చెత్త వేశారా?"

"వేశారు మామయ్యా."

"మూతలు తీశారా?"

"తీశారు."

"లేబుళ్ళో?"

"పీకేశారు."

కిటికీ ఊచ పట్టుకుని ముందుకు వంగి, "కడిగారా?" అన్నారు.

"కడిగారు మామయ్యా. వాసన కూడా లేదు."

"అయితే టిక్కెట్ ఇచ్చెయ్" అన్నారు.

కుర్చీ పట్టేంత దారి చాలనుకున్నాం. దర్జీ అక్క తన పెద్ద కత్తెర తెచ్చుకుని మా వరండాలో కూర్చుని, కొలత చూపిస్తే చాలు, సీసా తర్వాత సీసా రిబ్బన్లు చేసి పారేసింది. గుడ్డకంటే ఇదేమంత గట్టిది కాదని మధ్యమధ్య అంటూనే ఉంది. మా ఆయన సెలవు పెట్టి మట్టి తవ్వాడు. మాస్టారు పంచె ఎగగట్టి తూకం దగ్గర నిలబడి, వందకి అర అంటే ఏంటో మామయ్యకి ఎట్టకేలకు వివరించారు. మామయ్య తనకది ముందే తెలుసన్నారు. సున్నం కలిపి, ముక్కలు కలిపి, రోలరు లేదు కాబట్టి దిమ్మిసతో దట్టించాం. దిమ్మిస వంతులవారీగా అందరి చేతుల్లోకీ వెళ్ళింది. మిగిలిన కంకర రోడ్డు పక్కనే ఉంది, ఆఫీసువాళ్ళు ఎటూ తీసుకెళ్ళరు. ఎవరి అనుమతీ అడగలేదు. అడిగితే ఇంకో బోర్డు పెట్టమనేవాళ్ళు.

మళ్ళీ వాన పట్టుకుంది. ఈసారి నాలుగు రోజులు వదల్లేదు. అచ్చు నీళ్ళలో నానుతున్నప్పుడు పట్టే దిగులే ఇప్పుడు కూడా పట్టింది, కాకపోతే ఇంట్లో కూర్చుని పట్టింది. అయిదో రోజు కాస్త సన్నబడింది. నేను కూర తరుగుతున్నాను.

"అమ్మాయ్."

"ఏంటి మామయ్యా?"

"నన్ను బయటికి తీసుకెళ్ళు."

కత్తిపీట దగ్గర నా చెయ్యి ఆగింది. వాన తగ్గాక వెళ్దామన్నాను. తగ్గినట్టే ఉందన్నారు. ఇంకా పడుతోందన్నాను. గొడుగు లేదా అన్నారు. కూర పొయ్యి మీద పెట్టి వస్తానన్నాను. కూర ఎక్కడికీ పోదన్నారు. ఆ కాసేపట్లో ఆరుసార్లు అడిగారు. నాకు చిరాకేసింది, ఒళ్ళంతా చిరాకేసింది. నిరుటి వానల నుంచీ ఈ చిరాకు కోసమే మొహం వాచి ఉన్నానని అప్పుడు తెలిసింది. తరుగుతున్నది వదిలేసి గొడుగు తీశాను.

ఖాకీ చొక్కా వేసుకునేదాకా కదలనన్నారు. అదీ అయింది. గుమ్మం దిగాక నేను కుర్చీ వెనక పట్టుకోబోతే, వద్దని చేత్తోనే చెప్పారు. గొడుగు పట్టుకుని పక్కన నడిచాను. చక్రాలు తడి కంకర మీద గరగరమన్నాయి, ఎక్కడా దిగలేదు. నిరుడు పడిపోయిన చోటు దాటుతుంటే నేను కుర్చీకి ఇంకాస్త దగ్గరగా జరిగాను. ఆయన అటు చూడనే లేదు. దర్జీ అక్క గోడ దగ్గర, మా దారి ఆఫీసు రోడ్డుతో కలిసేచోట, కుర్చీ కొంచెం ఎగిరిపడింది. ఆపి, వెనక్కి తిరిగి, రెండింటినీ మార్చి మార్చి చూశారు.

"ఇక్కడ కుదుపుంది."

"అక్కణ్ణుంచి ఆఫీసు రోడ్డు మామయ్యా."

"తెలుస్తూనే ఉంది" అన్నారు. "మన చెత్తే నయం."

నోటితో హారన్ కొట్టి, గొడుగు కోసం కూడా ఆగకుండా, టీ కొట్టు వైపు వెళ్ళిపోయారు.